ఆదోనిలో చెప్పిన సాక్ష్యం

ఎమ్మిగనూరు
2 జులై 1974

అల్లుడు దానియేలుకు మేనమామ మద్దయ్య రాసేది. ప్రభువు నిన్ను కాచును గాక. నువ్వు మాత్రం ఆయనకు ఆ పని ఏమాత్రం తగ్గించేటట్టు లేవు.

నీ జాబు అందింది. "పూజ్యులైన మామయ్యగారి పాదపద్మములకు" అని మొదలుపెట్టినావు. వేరే ఇంటికి పోవాల్సిన కవరు మనింటికొచ్చిందేమో అని మీ అత్త రెండు పక్కలా తిప్పి చూసింది. నా పాదాలు పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా మగ్గం గుంతలో ఉంటాయప్పా. పద్మాలు కావవి.

యూనివర్సిటీలో తెలుగు లెక్చరరు ఉద్యోగం వచ్చిందంటివి. సంతోషం. పేటలో ప్రార్థన పెట్టి బెల్లం పంచినాను. బెల్లం నోట్లో ఉండగానే కింద సంతకం చూసినాను. "దినకర్" అని ఉంది. ఎవడప్పా వాడు? బబులోనులో దానియేలుకు పేరు మార్చింది రాజు కొలువులోని అధికారి. సింహాల గుహలో పడేసినా ఆయన లోపల దానియేలుగానే ఉండె. నీకు గుహ లేదు, సింహం లేదు. వారపత్రికలో అచ్చు బాగుంటుందని నీకు నువ్వే మార్చుకుంటివి.

కథల పుస్తకం కూడా చూసినాను. మగ్గం మీద పెట్టుకొని చదివితే పడుగు తెగింది. చదివినంతలో ఒక్కటీ జరిగింది కాదు. ఆ మనుషులు లేరు, ఆ మాటలు ఎవరూ మాట్లాడలేదు. అననీయ, వాడి పెండ్లాము ఒకే ఒక అబద్ధానికి అక్కడికక్కడే పడి చచ్చిరి. నువ్వు పుస్తకం పొడుగునా చెప్పి జీతం తీసుకుంటాండావు.

నిన్ను నేను ఎట్లా చూసినోణ్ని! అరవై ఒకటిలో, ఆదోని మైదానంలో, నేను ప్రసంగం చేసే ఉజ్జీవ కూటాల్లో నిలబడి సాక్ష్యం చెప్తివి. పదిహేడేండ్ల పిల్లోడివి. సారాయికి బానిసనైనానని, చెల్లెలికి జ్వరమొస్తే అమ్మ దాచిన మందుల దుడ్డు ఎత్తుకుపోయి తాగినానని, కోడి కూసే వేళకు ఆ పసిది నీ చేతుల్లోనే పోయిందని, ఆపొద్దు నుంచి ముట్టలేదని చెప్తివి. మైదానమంతా ఏడ్చింది. పత్తి బేళ్లు మోసే హమాలీలు ఏడ్చినారు. ఆ నోరు ఇప్పుడు కథలు చెప్తాంది. మానుకో నాయనా. పాఠం చెప్పుకో, జీతం తీసుకో, కథలు మానుకో.

మీ అత్త దీవెనలు దానియేలుకు. దినకర్‌కు ఏమీ పంపలేదు.

మద్దయ్య


యూనివర్సిటీ క్వార్టర్లు
20 జులై 1974

మామయ్యగారికి,

మీ ఉత్తరం చదివి మనసు కొంత కష్టపడింది, కొంత నవ్వు కూడా వచ్చింది. సాహిత్యంలో సత్యం వేరు, వాస్తవం వేరు. ఇది మా శాఖలో మొదటి సంవత్సరం విద్యార్థులకు మొదటి గంటలో చెప్పే విషయం. ప్రభువు సైతం కథలతోనే బోధించారు కదా. దావీదు రాజు తప్పు దావీదుకు తెలియజెప్పడానికి నాతాను ప్రవక్త ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఆ గొర్రెపిల్ల ఎవరి ఇంటిది? ఏ ఊరిది? అది లేదు. లేని గొర్రెపిల్లే రాజు చేత తప్పు ఒప్పించింది.

ఇక్కడ పైమెట్టుకు, అంటే రీడరు పోస్టుకు, పోవాలంటే ప్రచురణలు చూపించాలి. మా శాఖాధ్యక్షులు నా కథల్లో "మట్టివాసన" ఉన్నదని నలుగురి ముందు అన్నారు. ఆ మట్టి మన ఎమ్మిగనూరుదే. మీరు గర్వపడవచ్చు.

ఒక మనవి. ఆదోని కూటం సంగతి ఇకమీదట కాగితం మీద పెట్టకండి. మనిద్దరికీ తెలిసినది మనిద్దరి మధ్యనే ఉండడం మంచిది.

ఇట్లు,
దినకర్


ఎమ్మిగనూరు
11 మే 1978

అల్లుడా,

నాలుగేండ్లలో నువ్వు రాసిన ఉత్తరాలు మూడు, పంపిన పుస్తకాలు నాలుగు. ఆ లెక్క తిరగేసి ఉంటే బాగుండు.

నీ కథ డిగ్రీ పిల్లోళ్లకు పాఠమయిందంట. మన పక్కింటి బసన్న కొడుకు ఆ పరీక్ష తప్పినాడు. బసన్న వాణ్ని చెవి పట్టుకొని మనింటికి తెచ్చినాడు. "మీ అల్లుడు రాసిన దాంట్లోనే పోయింది మద్దయ్యన్నా, 'రచయిత ఉద్దేశమును వివరింపుము' అని అడిగినారంట, వీడికి రాలేదంట. నువ్వన్నా చెప్పు, మళ్లీ రాయాల" అన్నాడు. బజారులో అమ్మే గైడు కూడా తెచ్చినారు. అందులో నీ ఉద్దేశం రెండు పుటలుంది. నేనంతా చదివి, "ఇంత రాయొద్దు నాయనా. రచయిత ఉద్దేశము రీడరు పోస్టు అని రాయి చాలు" అన్నాను. పిల్లోడు నిజంగానే రాసి పెట్టుకున్నాడు. మళ్లీ తప్పితే ఆ పాపం నాది.

నాతాను గొర్రెపిల్ల సంగతి అడిగితివి. జవాబు ఆలోచించడానికి నాలుగేండ్లు పట్టలేదు, కోపం తగ్గడానికి పట్టింది. విను. ప్రభువు తప్పిపోయిన కొడుకు కథ చెప్పినాడు. తండ్రి ఆస్తి తగలేసి పందుల కాడ చేరిన కొడుకు. కథ అని తెలిసేటట్టే చెప్పినాడు. "ఆ కొడుకును నేనే" అని జనం ముందు ఏడ్చి వాళ్ల కన్నీళ్లు దండుకోలేదు. కథకు, సాక్ష్యానికి ఉండే తేడా అదే. సాక్ష్యం నిజమై ఉండాల. నీ పుస్తకాల్లో ప్రతి కథా "నేను" అని మొదలవుతుంది. ఆ "నేను" ఎవడు? వాడు కరువులో గంజి లేక పడుకున్నాడంట. నువ్వు ఏ కరువులో పడుకుంటివి? మీయమ్మ, దేవుడు ఆమె ఆత్మకు శాంతినిచ్చును గాక, తాను పస్తుండి నీకు రెండు పూటలా సంగటి పెట్టె.

రీడరు అయితే చెప్పు. ప్రార్థన పెడతా. బెల్లం మాత్రం పంచను.

మద్దయ్య


యూనివర్సిటీ క్వార్టర్లు
3 ఫిబ్రవరి 1980

మామయ్యా,

రీడరునయ్యాను. నవల బహుమతి కూడా వచ్చింది. శాలువా, జ్ఞాపిక, సభలో పెద్దల ప్రసంగాలు. అందులో ఒకాయన నన్ను "రాయలసీమ గుండె చప్పుడు" అన్నారు. ఆయన సీమకు ఎప్పుడూ రాలేదని తరువాత తెలిసింది. ఒక వారపత్రిక వాళ్లు నా సాహిత్య జీవితం మీద పెద్ద ముఖాముఖి వేస్తామంటున్నారు. "మీ మొదటి కథ ఏది?" అనే ప్రశ్న తప్పక అడుగుతారు. అందరూ చెప్పే జవాబే నేనూ చెబితే ఎవరూ గుర్తుపెట్టుకోరు.

బసన్న కొడుకు ఈసారి పాసయ్యాడా? ఆ జవాబు రాసుంటే దిద్దినవాడు నాకు తెలిసినవాడై ఉండకూడదని కోరుకుంటున్నాను.

దినకర్


ఎమ్మిగనూరు
23 ఆగస్టు 1981

దానియేలూ,

గ్రంథాలయంలో ఆ పత్రిక చూసినాను. నీ బొమ్మ బాగుంది. గడ్డానికి చెయ్యి ఆనించుకొని ఆకాశం వైపు చూస్తాండావు, అక్కడి నుంచి ఎవరో పిలిచినట్టు. ఎవరూ పిలవలేదులే. పిలిచి ఉంటే ఆ పక్క పుటలో ఉండే మాటలు చెప్పకపోదువు.

"నా మొదటి కథ కాగితం మీద రాసింది కాదు. పదిహేడేళ్ల వయసులో ఆదోనిలో ఒక మతసభలో, వేలాది మంది ముందు, లేని పాపాన్ని, లేని చెల్లెలిని, లేని చావును కల్పించి చెప్పాను. జనం ఏడ్చారు. ఆ రోజే నేను రచయితనయ్యాను." ఈ మాటలు నువ్వేనా చెప్పింది? కింద ఆ పత్రికాయన "ఆహా, ఎంతటి ప్రతిభ" అని తోక తగిలించినాడు.

ఓరి నాయనా, నువ్వు దేవుని సమాజం ముందు చెప్పిన మాటను మెడకు పతకం చేసుకొని తిరుగుతాండావు. ఆ సాక్ష్యం ఎవరెవరు మోస్తాండారో నీకు ఎరుకేనా? సీమోనును మర్చిపోయినావేమో. ప్రెస్సింగ్ మిల్లులో హమాలీ. అప్పుడు వాని పేరు ఈరన్న. ఆదోనిలో వానికి మించిన తాగుబోతు లేడు. నీ సాక్ష్యం విని చేతిలో ముంత నేలకేసి కొట్టినాడు. బాప్తిస్మం తీసుకొని సీమోనయినాడు. ఇరవై ఏండ్లు చుక్క ముట్టలేదు. మిల్లు గేటు కాడ ఎవరు దొరికితే వాళ్లను నిలబెట్టి నీ సాక్ష్యం చెప్తాడు. నిజం చెప్పాలంటే, వాణ్ని చూస్తే జనం వేరే సందులో పోతారు, అంత చెప్తాడు.

మంచి సంగతి ఒకటే. సీమోనుకు చదువు రాదు, మిల్లులోకి వారపత్రికలు రావు. దేవుడు కొన్నిసార్లు మనుషులను చదువు లేకుండా చేసి కాపాడుతాడు. నోరు మూసుకొని ఉండు. ఇంక ఈ మాట ఎక్కడా ఎత్తొద్దు.

మద్దయ్య


యూనివర్సిటీ క్వార్టర్లు
9 సెప్టెంబరు 1981

మామయ్యా,

మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు. ఆ ముఖాముఖి వచ్చాక నా పేరు ఎక్కడెక్కడో వినిపిస్తోంది. జనవరి చివర్లో ప్రొఫెసరు పోస్టుకు ఎంపిక జరుగుతుంది. కమిటీలో ఒకాయన నాకు ఫోను చేసి "ఆ ఆదోని ఘట్టం అమోఘం" అన్నారు.

ఇంకొక సంతోషకరమైన విషయం. శ్రీపాదరావు అని మా పరిశోధక విద్యార్థి ఉన్నాడు. మంత్రాలయం వైపు వాడు, చాలా నెమ్మదైన కుర్రాడు. "దినకర్ కథలలో సాక్ష్య శిల్పం" మీద పరిశోధన చేస్తున్నాడు. ఆనాటి శ్రోతల అనుభవాలు సేకరించడానికి టేపురికార్డరు తీసుకొని వచ్చే వారం ఆదోని వస్తున్నాడు. మీరు రాసిన సీమోను పేరు వాడికి చెప్పాను. మీ దగ్గరకూ వస్తాడు, భోజనం పెట్టండి. ఉల్లిపాయ తినడు.

దినకర్


ఎమ్మిగనూరు
2 అక్టోబరు 1981

దానియేలూ,

నేను నోరు మూసుకో అంటే నువ్వు టేపురికార్డరు పంపుతివి.

జరిగింది విను. శ్రీపాదరావు మిల్లు గేటు కాడ బేలు మీద మిషను పెట్టి, "అరవై ఒకటి కూటంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడంట. సీమోను అందరినీ తోసుకొని వచ్చినాడు. ఇరవై ఏండ్లు ఎవరూ అడగకుండానే చెప్తాండె, ఇప్పుడు మిషనుతో వచ్చి అడిగేవాడు దొరికె. మొదలుపెట్టినాడు. ముంత పగలగొట్టింది, ఇంటికి పరుగెత్తింది, అంతా చెప్పినాడు. ఆ పిల్లోడు సంతోషం పట్టలేక, "అద్భుతం! అదంతా కల్పన అని తెలిసినప్పుడు మీ అనుభూతి ఏ విధంగా మారింది?" అన్నాడు.

"కల్పన అంటే యాంది?" అన్నాడు సీమోను.

"అబద్ధమప్పా" అని పక్కనుంచి దేవేంద్రప్ప అర్థం చెప్పినాడు. దేవేంద్రప్ప అంటే ఇప్పుడు హమాలీ గుంపులో గట్టిగా తాగేవాడు. వానికి ఆ పొద్దు పండగే. "లేని పిల్ల చచ్చిపోతే ఉన్న సారాయి మానుకుంటివే సీమోనూ! ఇరవై ఏండ్ల పండగలు నీళ్లతో చేసుకుంటివే!" అన్నాడంట. గేటంతా నవ్వె. అన్నీ మిషనులో ఎక్కినాయి. కావాలంటే నీ పరిశోధనలో వేసుకో.

మరుసటి పొద్దు సీమోను మొదటి బస్సుకే ఎమ్మిగనూరు వచ్చినాడు. ఇంట్లోకి రాలేదు. అరుగు మీద కూర్చొని, "అయ్యా, చెల్లెలుండెనా, లేదా? ఒక్క మాట" అన్నాడు.

నేను "సీమోనూ, విశ్వాసమంటే..." అని మొదలుపెట్టినాను.

"ఒక్క మాట అడిగితే వాక్యం ఎత్తుకుంటివంటే లేదనే కదా" అని లేచినాడు. లేచి, పోతా పోతా చెప్పింది ఇది. "జనవరి కూటాలకు ఆ పిల్లోణ్ని రమ్మను. యాడ చెప్పినాడో ఆడనే నిలబడి నా మొగం చూసి చెప్పల్ల. ఉండె అంటే ఉండె. లేదంటే ఆణ్నుంచి నేరుగా సారాయంగడికే. ఇరవై ఏండ్లది ఒక్క పొద్దులో తాగుతా. చూడాలనుంటే మీరూ రండి."

వాడు ఊరికే అనేవాడు కాదు. ఇప్పుడు వాని ఒళ్లు కూడా మునుపటిది కాదు. తాగితే పోతాడు.

కాబట్టి నువ్వు రావాల. వచ్చి నిలబడి, చెల్లెలుండె, పత్రికలో చెప్పిందే అబద్ధం అని చెప్పాల. నీకు కథలు చెప్పడమే ఉద్యోగం కదా. ఇంకొక్కటి చెప్పు.

మద్దయ్య


యూనివర్సిటీ క్వార్టర్లు
15 నవంబరు 1981

మామయ్యా,

కథలు అబద్ధాలని నాకు ఏడేళ్లు బుద్ధి చెప్పి, ఇప్పుడు మీరే వచ్చి అబద్ధం చెప్పమంటున్నారు. నేను రాలేను. జనవరిలో ఎంపిక ఉంది. నేను ఆదోనిలో నిలబడి ఆ సాక్ష్యం నిజమని ఒట్టు వేస్తే, ఆ సంగతి శ్రీపాదరావు పరిశోధనలోకి, అక్కడినుంచి కమిటీ చెవికి చేరుతుంది. అప్పుడు నా మొదటి కథ పోతుంది, కథతోబాటు పోస్టూ పోతుంది.

పైగా ఇన్నేళ్లూ మీరు నాకు రాసిన ఉత్తరాలన్నీ నిన్న మళ్లీ చదివాను. ప్రతి ఉత్తరంలోనూ ఆ సాక్ష్యం నిజంగా జరిగినట్టే రాశారు. ఎవరికోసం మామయ్యా? మీ ఉత్తరాలు చదివేది నేనొక్కణ్నే కదా.

ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. రెండు రోజులుగా కూటాల్లో జనం కదలడం లేదని మీరు సంగటి ముద్ద చేతిలో పట్టుకొని దిగాలుగా కూర్చున్నారు. "నువ్వన్నా లేచి ఏమన్నా చెప్పురా, నీకు మాట బాగుంటుంది" అన్నారు. నేను తాగానని, చెల్లెలికి జ్వరమని, తరువాత తగ్గిందని కట్టి వినిపించాను. మీరు తల ఊపారు. "ఉత్త జ్వరానికి హమాలీలు ఏడుస్తారా? పోవాల. తెల్లవారు జామున, కోడి కూసేటప్పుడు పోవాల" అన్నారు.

నేను చెల్లెలికి జ్వరం మాత్రమే తెప్పించాను. చంపింది నువ్వు మామా.

ఆడవాళ్ల వరసలో అమ్మ కూర్చుని ఉంది. నన్నొక్కణ్నే కన్నది. అయినా లేని కూతురి కోసం కొంగు తడిసేలా ఏడ్చింది. ఇంటికి వచ్చాక నన్ను తిట్టలేదు. "ఆ పిల్లకు పేరన్నా పెట్టినావా రా?" అని మాత్రం అడిగింది.

ఇంకొకటి. శ్రీపాదరావు టేపుల్లో కోసిగి కూటంలో నీ ప్రసంగం కూడా ఉంది. అందులో ఆ సాక్ష్యం చెబుతున్నావు. ఆదోనిలో ఒక్క చెల్లెలే చనిపోయింది, కోసిగిలో ఇద్దరు చనిపోయారు. వాడు దానికి "మౌఖిక పాఠాంతరం" అని పేరు పెట్టి పొంగిపోతున్నాడు. కథకు, సాక్ష్యానికి తేడా చెప్పింది ఎవరు మామా? ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. పంపమంటావా?

దినకర్


ఎమ్మిగనూరు
6 డిసెంబరు 1981

అల్లుడా,

నీ ఉత్తరం చదివి ముందు బైబిలు తీసినాను, నీ నెత్తిన కొట్టడానికి ఒకటి దొరుకుతుందేమో అని. తెరిచిన కాడల్లా నాకే తగిలింది. అహరోను బంగారమంతా నిప్పులో వేసి, దూడ దానంతట అదే బయటికొచ్చె అన్నాడు చూడు, అక్కడికొచ్చి ఆగినాను. నువ్వు రాయకముందే నేనే రాస్తాండా, నీకు ఆ సంతోషం కూడా మిగలకుండా.

అవును. చంపింది నేనే. నువ్వు చెప్పింది ఉత్త జ్వరం, అది ఎవరికి పనికొస్తుంది?

కోసిగి సంగతి. కోసిగిలో వలసపోయే జనం. పనికి పోయిన కాడ బిడ్డలను పోగొట్టుకొని వచ్చేవాళ్లు. వాళ్లకు ఒక చెల్లెలు చాలలేదప్పా. హొళగుందలో కన్నడంలో కూడా చెప్పినా. అక్కడ ముగ్గురు. ఇది టేపులో లేదు, నేనే చెప్తాండా.

ఇప్పుడు ఇన్నాళ్లు చెప్పనిది ఒకటి చెప్తా. ఆ పొద్దు సీమోను ముంత పగలగొట్టి ఇంటికి పరుగెత్తినాడని చెప్తినే, ఎందుకు పరుగెత్తినాడు? వాని పసిబిడ్డకు జ్వరం. మందుల దుడ్డు వాని పంచె మడతలో ఉండె, తాగడానికి. ఆ దుడ్డుతో బిడ్డను ఎత్తుకొని డాక్టరు కాడికి పోయినాడు. బిడ్డ బతికింది. రూతమ్మ. ఇప్పుడు ఆదోనిలోనే ఒక నర్సింగ్ హోములో సూదులేస్తాంది. పోయిన నెల నాకూ వేసింది. చెయ్యి బరువే.

నీ పోస్టు సంగతి నాకు తెలీదు. నా సంగతి చెప్తా. సీమోను సారాయంగడికి పోతే, నేను ఇంకెక్కడా నోరు తెరవలేను. ఇరవై ఏండ్లు నేను జనాన్ని ఏడ్పించింది ఆ ఒక్కదానితోనే. నాకు వేరే లేదు. నీకూ లేదని నా అనుమానం. అన్ని పుస్తకాలు రాస్తివి, ఒక్కదానికన్నా ఒకడు ముంత పగలగొట్టినాడా?

రా.

మద్దయ్య


(కార్డు)
యూనివర్సిటీ క్వార్టర్లు
28 డిసెంబరు 1981

మామా, వస్తున్నాను. చెల్లెలుండె అనే చెబుతాను. ప్రసంగం రాసి పెట్టుకున్నాను. అత్తకు చెప్పు, సంగటి చెయ్యమని.

దిన (మిగతా సగం రాయబుద్ధి కాలేదు)


యూనివర్సిటీ క్వార్టర్లు
19 జనవరి 1982

మామా,

చెప్పకుండా రైలెక్కి వచ్చినందుకు తిట్టుకో. నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

నువ్వు వేదిక మీద నా వెనక ఉన్నావు, నా ముందు ఏం కనిపించిందో నీకు తెలియదు. ముందు వరసలో సీమోను. తెల్ల చొక్కా, దువ్వుకున్న తల, మోకాళ్ల మీద చేతులు. అక్కడ కూర్చున్నవాడు శ్రోత కాదు, పరీక్షాధికారి. నేను కాగితం విప్పి, "ఆనాటి ఈ ప్రాంతపు సామాజిక నేపథ్యం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏడెనిమిదేళ్లుగా నోరు తెరిస్తే అదే వస్తోంది. ఒక పసిపిల్ల ఏడ్చింది. ఆ మైదానంలో నా మాటకు ఏడ్చింది ఆ పిల్ల ఒక్కటే. దేవేంద్రప్ప ఆవులించాడు, నాకు వాడి పళ్లన్నీ కనిపించాయి.

చివరికి కాగితం మడిచి, "చెల్లెలుండె" అన్నాను. నా గొంతును నేనే నమ్మలేదు.

సీమోను లేచి నిలబడ్డాడు. "పేరేమి?" అన్నాడు.

మామా, నేను ఇన్నేళ్లలో ఎన్ని వందల మందికి పేర్లు పెట్టాను! జమీందార్లకు, బిచ్చగాళ్లకు, కుక్కలకు కూడా. అక్కడ ఒక్క పేరు రాలేదు. మేరీ అన్నా చాలు, సుగుణ అన్నా చాలు. నోరు తెరుచుకొని నిలబడిపోయాను. అమ్మ అడిగినప్పుడు కూడా ఇట్లాగే నిలబడ్డాను. సీమోను జనాన్ని తప్పించుకుంటూ వెళ్లిపోయాడు. నువ్వు చెప్పులు కూడా వేసుకోకుండా వాడి వెనక పోయావు.

ఏమైంది మామా? తాగాడా? ఉన్నాడా? వెంటనే రాయి.

దానియేలు


ఎమ్మిగనూరు
27 జనవరి 1982

దానియేలూ,

ఉన్నాడు.

వాడు నేరుగా సారాయంగడికే పోయినాడు. వెనక నేను, నా వెనక హమాలీలు, వాళ్ల వెనక సగం కూటం. నా ప్రసంగాలకు ఎన్నడూ అంత జనం వెంట రాలేదు. నేను గడప కాడ ఆగినాను. లోపలికి పోతే మద్దయ్య సారాయంగట్లో కనిపించె అంటారు, పోకపోతే వాడు తాగుతాడు. యోనా చేప కడుపులోకి పోయినట్టు పోయినాను. వాసన కూడా అట్లాంటిదే అయ్యుంటుంది.

దేవేంద్రప్ప తానే పోసి వాని చేతికిచ్చినాడు. వాక్యం ఒకటి చెప్పాలని నోరు తెరిస్తే, సీమోను నా వైపు వేలు చూపించి, "నువ్వు మాట్లాడొద్దు" అన్నాడు. నోట్లో పోసుకున్నాడు. కాసేపు పెట్టుకున్నాడు. తరువాత ముందరికి వంగి అంతా నేల మీద ఉమ్మినాడు.

"థూ! ఇరవై ఏండ్లు దీన్నా నేను తలుచుకుంటాండేది? ఆ పిల్లోని అబద్ధమే దీనికన్నా బాగుండె" అన్నాడు.

దేవేంద్రప్ప నవ్వబోయి ఆగిపోయినాడు. గ్లాసులో మిగిలింది నేలపాలు చేసి, బోర్లించి వాని చేతికే ఇచ్చినాడు సీమోను.

నీ నవలకు ఎవరెవరో ఏదేదో అన్నారు కదా, శాలువాలు కప్పిరి కదా. ఇంతకు మించిన మాట నీకు ఎవరూ అనరు. రాసి గోడకు తగిలించుకో.

బయటికొచ్చినాక నన్ను పక్కకు పిలిచినాడు. వాని గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "మీరిద్దరూ ఆ పిల్లను ఇంక ముట్టొద్దు. ఆ అబ్బి పేపర్లలో చెప్పుకోగూడదు, నువ్వు కూటాల్లో చెప్పగూడదు. పేరు కూడా పెట్టకుండా పుట్టించిరి, చంపిరి, ఇన్నేండ్లు వాడుకుంటిరి. అది ఇంక నాది. పేరు నేను పెట్టినా" అన్నాడు.

"ఏం పేరు సీమోనూ?" అన్నా.

"మీకు చెప్పను" అన్నాడు.

మద్దయ్య


యూనివర్సిటీ క్వార్టర్లు
14 ఫిబ్రవరి 1982

మామా,

పోస్టు వేరే ఆయనకు పోయింది. నీ ఉత్తరం చేతిలో పెట్టుకొనే ఎంపికకు పోయినాను. అనుకున్నట్టే అడిగినారు. "మీ ఆదోని ఘట్టం మీ నోటితోనే వినాలని ఉంది" అని ముగ్గురూ కుర్చీల్లో వెనక్కి వాలినారు. "అది నాది కాదండీ. సీమోను అని ఒక హమాలీది" అన్నాను. వాళ్లు నవ్వినారు. చమత్కారం అనుకున్నారు. "మరి మీది ఏది?" అన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. ఇంకా ఆలోచిస్తాండాను.

శ్రీపాదరావు పరిశోధన విషయం మార్చుకున్నాడు. నిన్ను తలుచుకుంటాండాడు. అత్త చేసిన ఉల్లిపాయల కూర తిన్నాడంట కదా, ఇంట్లో చెప్పొద్దన్నాడు.

దానియేలు


(కార్డు)
ఎమ్మిగనూరు
20 ఫిబ్రవరి 1982

దానియేలూ, ఇన్నేండ్లకు ఒక నిజం చెప్తివి, అది నీ పోస్టుకే ఎసరు పెట్టె. ప్రార్థన పెట్టినా. బెల్లం కూడా పంచినా.

ఆదివారం కోసిగి కూటం ఉంది. నా కాడ చెప్పడానికేమీ లేదు. పోయిన వారం వాక్యం వాక్యంగానే చెప్తే ముందు వరసలో ఇద్దరు నిద్రపోయిరి, అందులో ఒకరు మీ అత్త. నీ కాడ ఏమన్నా ఉంటే రాసి పంపు. కథయినా సరే. కథ అని ముందే చెప్పి మొదలుపెడతాలే. ఎవరినన్నా చంపాల్సి వస్తే మాత్రం ఈసారి పేరు పెట్టి పంపు.

మద్దయ్య